బావితొటి

మా చిన్నమ్మాయి రష్యాలో మెడిసిన్ చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం వాట్సాప్‌లో ఫొటో పంపింది. గోధుమ రంగు బెరడు ముక్క, అంచులు చిట్లి ఉన్నాయి. దాని మీద గోటితో గీరినట్టు అక్షరాలు. కింద, "నాయనా, ఇది నీ పనే చూడు. రాజీ కాగితమంట. 650 ఏళ్ల నాటిది" అని రాసింది. నేనప్పుడు ఆత్మకూరులో రిజిస్ట్రారాఫీసు ఎదుటి బంకులో కూర్చుని ఒక పారిఖత్తుకు, అంటే ఆస్తి పంపకం దస్తావేజుకు, చెక్కుబందీలు (హద్దులు) టైపు కొడుతున్నాను. పార్టీలు టీకి పోయున్నారు. వెంటనే ఫోన్ చేసి, "ఏముందో చదివి చెప్పమ్మా" అన్నాను.

ఆమె తెలుగులో చెబుతుంటే చిత్తు కాగితం మీద రాసుకున్నాను. యాకొవ్ అనేవాడు గ్యుర్గీ గోధుమ చేను తొక్కించాడు. గ్యుర్గీ అతని మీద తీర్పు తెచ్చుకున్నాడు. ప్రతివాది హాజరు కాకపోతే ఇచ్చే కాగితమట అది, అంటే మన ఎక్స్‌పార్టీ డిక్రీ లాంటిది. ఖరితోన్ అనే మూడో మనిషికి కూడా ఇందులో ఖర్చు తగిలింది. చివరికి ముగ్గురూ రాజీకొచ్చారు. గ్యుర్గీకి ఒక రూబులు, మూడు గ్రివ్నాలు, ఒక గంప గోధుమలు. ఖరితోన్‌కు పది మూరల ఉన్ని గుడ్డ, ఒక గ్రివ్నా. ఇకమీదట వీళ్లకు యాకొవ్‌తో గానీ, యాకొవ్‌కు వీళ్లతో గానీ ఏ పేచీ లేదు. ఇందుకు సాక్షులు లూకా కొడుకు దవీద్, స్తెపాన్ తైషిన్.

నేను 35 ఏళ్లుగా రాస్తున్న కాగితమే ఇది. సొమ్ము ముట్టింది, ఇక తగాదా లేదు, ఇదిగో సాక్షులు. ఒక్క లోటే కనిపించింది: చివర రాసినవాడి దస్తూరి పేరు లేదు. మా వాళ్ల పని ఎక్కడైనా అంతేనేమో.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా నాయన దస్తావేజు లేఖరి, ఆయన వెనక నేను. మా నెల్లూరు వైపు స్థలాలు అంకణాల్లో, వడ్లు పుట్లలో చెప్పుకుంటాం. అంకణం 72 చదరపు అడుగులు, పుట్టి 850 కిలోలు. తిరుపతి వాళ్లొచ్చి మా అంకణాన్ని వాళ్ల అంకణం అనుకుని బేరమాడితే సగానికి సగం తేడా వస్తుంది. 1998 చివర్లో రిజిస్ట్రేషన్లకు కంప్యూటర్లు వచ్చేదాకా నా పని కలంతోనే. ఇప్పుడు టైపు, ప్రింటు. కానీ పాత కాగితం చదవాల్సి వస్తే ఇప్పటికీ నా దగ్గరికే పంపుతారు. గొలుసుకట్టు రాత చదివేవాళ్లు మా ఊళ్లో ఇద్దరమే మిగిలాం. రెండో ఆయనకు కంట్లో పొర వచ్చింది.

అమ్మాయి చదివింది నోవ్‌గొరద్‌లో. వోల్ఖవ్ నది ఒడ్డున పాత ఊరు. 11వ శతాబ్దంలో, 1045లో మొదలుపెట్టి కట్టిన సోఫియా చర్చి ఇంకా నిలబడి ఉంది. రష్యా వాళ్ల మధ్యయుగ చరిత్ర తెలుసుకోవాలంటే ఈ ఊరి మట్టి తవ్వాల్సిందేనట. తవ్వారు కూడా. అక్కడి నేల బంకమట్టి, నీళ్లు ఇంకవు. వీధులు బురదయ్యేవి. అందుకని చెక్క దుంగలు పరిచి దారులు వేసుకున్నారు. అవి కూరుకుపోగానే పైన ఇంకో వరస. వెలీకయా అనే ఒక్క వీధిలోనే ఒకదాని మీద ఒకటి 28 వరసలు బయటపడ్డాయి. దుంగల్లోని వలయాలు లెక్కపెట్టి మొదటిది 953లో, చివరిది 1462లో వేశారని తేల్చారు. ఆ తడిమట్టిలోకి గాలి పోదు. గాలి లేకపోతే కుళ్లు లేదు. చెక్క, తోలు, బెరడు, ఏది పారేసినా అలాగే ఉండిపోయింది.

మా పెన్న ఒడ్డు మట్టికి ఆ గుణం లేదు. ఇక్కడ తాటాకు పుస్తకం అటక మీద భద్రంగా దాచినా చెదలు వదలవు. తరానికోసారి ఎవరో కూర్చుని ఎత్తి రాసుకున్నవే మనకు మిగిలాయి. అక్కడేమో చదివేసి బురదలో విసిరేసినవి మిగిలాయి.

ఆ బెరడు భూర్జ చెట్టుది. నీళ్లలో ఉడకబెట్టి మెత్తబరిచి, లోపలి వైపున ఎముకతోనో ఇనుముతోనో చేసిన మొనతో గీరేవారు. దాన్ని పిసాలో అంటారు. అమ్మాయి మ్యూజియంలో తీసిన ఫొటో చూడగానే, "ఇది గంటం కదమ్మా" అన్నాను. మన గంటం గీరిన గీతలో మసి పూస్తాం, అక్షరం నల్లగా తేలుతుంది. వాళ్లు అదీ చేయరు, గీరి వదిలేస్తారు. సిరా లేదు కాబట్టే వందల ఏళ్లు తడిలో ఉన్నా అక్షరం కరగలేదు.

మొదటి బెరడు దొరికింది 1951 జులై 26న. నీనా అకూలోవా అనే ఊరి ఆడమనిషి కూలికి వచ్చి తవ్వుతోంది. దారి దుంగల సందులో చుట్టుకుపోయిన బెరడు ఒకటి ఇరుక్కుని ఉంటే తీసింది, అక్షరాల్లా ఉన్నాయే అని చూపించింది. తవ్వకాల పెద్ద అర్త్సిఖోవ్‌స్కీకి కాసేపు నోట మాట రాలేదట. తర్వాత, ఇరవై ఏళ్లుగా దీనికోసమే చూస్తున్నాను, నూరు రూబుళ్లు బహుమానం అని అరిచాడట. ఆయన ఆ ఊళ్లో తవ్వకాలు మొదలుపెట్టింది 1932లో, కాబట్టి లెక్క సరిపోయింది. నోవ్‌గొరద్‌లో ఇప్పటికీ జులై 26 బెరడు ఉత్తరాల రోజు. ఇంతకీ ఆ మొదటి ఉత్తరంలో ఏముంది? ఏ ఊరి నుంచి ఎంత శిస్తు, ఎంత కానుక రావాలో జాబితా. అది చెప్పినప్పుడు మా అమ్మాయి నవ్వింది, నేను నవ్వలేదు. కాగితం ముందుగా పుట్టేది అలాంటి పనికే.

ఇప్పటికి వెయ్యికి పైగా దొరికాయి. 11వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా. రాజులవి కావు. ఎక్కువ భాగం అప్పులు, బాకీల పట్టీలు, పురమాయింపులు. బోరిస్ అనేవాడు నస్తాస్యకు రాస్తాడు: ఈ ఉత్తరం అందగానే మగ గుర్రమిచ్చి ఒక మనిషిని పంపు, ఇక్కడ నాకు పని చాలా ఉంది, చొక్కా కూడా పంపు, చొక్కా మరిచిపోయాను. మికీత అనేవాడు ఒక పిల్లకు రాస్తాడు: నన్ను పెళ్లి చేసుకో, నాకు నువ్వు కావాలి, నీకు నేను కావాలి, ఇందుకు సాక్షి ఇగ్నాత్. పెళ్లి అడగడానికి కూడా సాక్షి! ఇలాంటి పార్టీ నాకు ఒక్కడూ తగల్లేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకపోతే ఈ రష్యా పండితుల గోల నాకెందుకు పట్టిందో అర్థం కాదు.

1993లో మెట్ట వైపు పల్లె నుంచి అన్నదమ్ములిద్దరు వచ్చారు. వాళ్ల నాయన 1957లో తన చేత్తో రాసి పెట్టిన పంపకం చీటీ తెచ్చారు. దాని ప్రకారం రిజిస్టరు పారిఖత్తు రాయమన్నారు. అన్నకు చదువు రాదు, నిశానీ మనిషి. తమ్ముడు పదో క్లాసు. చీటీలో ఒక వరస ఇలా ఉంది: "దక్షిణం మడి బావితొటి పెద్దవాడికి." నేను చూశాను. తొటి అనే మాట లేదు కాబట్టి ముసలాయన వత్తు మరిచాడనుకున్నాను. "దక్షిణం మడి, బావి తొట్టి పెద్దవాడికి" అని దిద్ది రాశాను. మోటలు తోలే కాలంలో బావి దగ్గర నీళ్ల తొట్టి ఉంటుంది కదా, అదేననుకున్నాను. బావి ఎవరికో చీటీలో ఎక్కడా కనపడలేదు, కాబట్టి ఉమ్మడి అని వేశాను. చదివి వినిపించాను, ఇద్దరూ సరేనన్నారు, రిజిస్టరైంది.

మరుసటి వేసవిలో నీళ్లు అడుగంటి, మోటారు వంతుల దగ్గర గొడవొచ్చింది. ఒకరోజు పెద్దాయన భార్య ఒక్కతే బస్సెక్కి వచ్చి, కొంగు ముడి విప్పి ఆ చీటీ నా ముందు పరిచింది. ఐదో క్లాసు చదివిన మనిషి. మామ లెక్కలన్నీ చదివి వినిపించింది తానేనంది.

"ఇదేంది అబ్బయా, తొట్టి అని రాసుండావు?"

"వత్తు మరిచాడు కదమ్మా పెద్దాయన."

"మా మామ వత్తు మరిచేది యాడుండాది? ఇదిగో, పెద్దవాడికి అన్నాడు, వత్తుండాది. గట్టు అన్నాడు, వత్తుండాది. దీర్ఘమే ఆయన పెట్టడు. మామిడి తొట చిన్నవాడికి అని పైన రాసుంటే తోట అని చదివితివే! కింద మాత్రం తొట్టి ఎట్లయింది?"

నా ఒంట్లో రక్తం చల్లబడింది. మామిడి తొట. గొడ అవతల. మెడ మీది గది. ఏ, ఓ అనే దీర్ఘాలు ఆ ముసలాయన చేతిలో ఎక్కడా లేవు. పాత రాతల్లో అది మామూలే, నాకు తెలియంది కాదు. వత్తు మాత్రం ఒక్కచోట కూడా జారిపోలేదు. తొట్టి అని రాయాలనుకుంటే తొట్టి అనే రాసి ఉండేవాడు. ఆయన రాసింది "బావితోటి". దక్షిణం మడి బావితోటి సహా పెద్దవాడికి! నేను పెద్దాయనకు బావి తీసేసి తొట్టి చేతికిచ్చాను.

సవరణ దస్తావేజు రాయాలంటే తమ్ముడు సంతకం పెట్టాలి. రిజిస్టరైన దాన్ని ఇప్పుడు మారుస్తారా అన్నాడు. మూడు నెలలు తిరిగాను. ఊరి పెద్దలు కూర్చుని వారానికి రెండు రోజుల నీళ్లు తమ్ముడికి ఒప్పించాక దిగొచ్చాడు. స్టాంపు ఖర్చు, ఫీజు నా జేబులోవి. మా నాయన అప్పటికి బతికే ఉన్నాడు. ఏమీ అనలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇది జరిగిన పాతికేళ్లకు మా అమ్మాయి అంద్రేయ్ జలిజ్న్యాక్ అనే పండితుడి పేరు చెప్పింది. ఊళ్లో మ్యూజియం చూపించినావిడ మాటకు ముందొకసారి, మాటకు తర్వాతొకసారి ఆయన పేరే ఎత్తిందట.

జలిజ్న్యాక్ 1935లో మాస్కోలో పుట్టాడు. అసలు భాషావేత్త. రష్యన్ మాటలు విభక్తుల్లో ఎలా మారతాయో ఒక్కో మాటకూ గుర్తులు పెట్టి, సుమారు లక్ష మాటల వ్యాకరణ నిఘంటువు 1977లో వేశాడు. రష్యన్‌లో కంప్యూటరు అక్షరదోషాలు పట్టేది, ఇంటర్నెట్‌లో వెతికేది ఆ నిఘంటువు పునాది మీదే. అంత పని చేసినవాడు 1982 నుంచి బెరడు ఉత్తరాల్లో పడ్డాడు. ఆ తర్వాత చివరిదాకా, ఏటా వేసవి తవ్వకాల్లో వచ్చిన కొత్త బెరళ్లు చదవడమే ఆయన పెద్ద పని.

అంతకుముందు పండితులు ఈ ఉత్తరాలు చూసి, రాయడం సరిగ్గా రానివాళ్లు రాసుకున్నవి, తప్పుల తడకలు అనుకునేవారు. "పొక్లొన్", అంటే దండం, అన్న మాట చివర ఉండాల్సిన అక్షరం బదులు ఇంకోటి పెట్టి "పొక్లొనొ" అని రాస్తారు. ఒక ఇకారానికి బదులు ఎకారం. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ రాసినవాడు పొరబడ్డాడని దిద్దుకుని చదివేవారు. జలిజ్న్యాక్ అన్ని ఉత్తరాలూ ముందు పెట్టుకుని చూశాడు. ఈ అక్షరానికి ఆ అక్షరం మారుతుంది, కానీ ఇంకోదానికి ఎప్పుడూ మారదు. ఒక మనిషి ఉత్తరంలో మొదటి నుంచి చివరి దాకా ఒకటే పద్ధతి. చర్చి పుస్తకాలకు ఒక వర్ణక్రమం, ఇంట్లో రాసుకునే చీటీకి ఇంకో వర్ణక్రమం, రెండూ నేర్చుకున్నవే. ఆ పద్ధతి పట్టుకుని చదివితే తప్పులనుకున్నవి చాలా మటుకు తప్పులే కాకుండా పోయాయి.

అమ్మాయి ఇది చెబుతుంటే నాకు కొంగు ముడి విప్పిన ఆ ఆడమనిషే కళ్లముందు నిలబడింది.

అందులో 247వ ఉత్తరం కథ నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. 11వ శతాబ్దంది, ఒక చిరిగిన ముక్క. అందులో "జమ్‌కె కెలె, ద్వెరి కెలె" అని ఉంది. జమ్‌కె అంటే తాళం, ద్వెరి అంటే తలుపులు, మన ద్వారానికి దూరపు చుట్టమే. మరి కెలె ఏమిటి? మొదట అచ్చు వేసినవాళ్లు అది సన్యాసులుండే గది అనుకున్నారు, ఆ మాట వాళ్ల భాషలో కెల్యా. గది తాళం, గది తలుపులు అని చదివారు. వాక్యం కుదరదు, అయినా ఏదో సర్దుకున్నారు. జలిజ్న్యాక్ అలా సర్దుకోలేదు. రష్యన్‌లో "చెక్కు చెదరని" అనడానికి త్సేల్ అనే మాట ఉంది. ఒకప్పుడు అది క తో మొదలయ్యేది. రష్యన్‌కు చుట్టాలైన స్లావు భాషలన్నిటిలో ఆ క కాస్తా త్స అయింది. మరి ఈ ఒక్క మూలలో, నోవ్‌గొరద్, ప్స్కోవ్ వైపు, క మారకుండా ఉండిపోతే? అప్పుడు కెలె అంటే త్సేల్. తాళం చెక్కు చెదరలేదు, తలుపులు చెక్కు చెదరలేదు, ఇంటాయన దావా వేయడం లేదు.

అంటే ఎవడో ఒకణ్ణి 40 రెజానాల మేర దొంగతనానికి ఇరికించాలని చూశాడు. రెజానా అంటే అప్పటి డబ్బు, గ్రివ్నాకు 50. ఉత్తరం రాసినవాడు, తాళం పగల్లేదు, తలుపు పగల్లేదు, సొత్తు గల మనిషే ఫిర్యాదు ఇవ్వలేదు, కాబట్టి నింద వేసినవాడి దగ్గరే జరిమానా వసూలు చెయ్యండి అంటున్నాడు. మా కోర్టు పక్కన టీ తాగే ప్లీడరు గుమాస్తా ఎవరైనా ఇదే మాట అంటాడు. ఒక్క అక్షరం సరిగ్గా చదివితే వెయ్యేళ్ల నాటి కేసు నిలబడింది. దాంతోపాటు, అంత పాతకాలంలో స్లావు భాషల్లో ఒక కొమ్మ తక్కినవాటికంటే వేరుగా ఎదిగిందని కూడా తేలింది. ప్స్కోవ్ పల్లె యాసల్లో ఈ క సంగతి గ్లుస్కినా అనే పండితురాలు ముందే గమనించి రాసిందట, కానీ ఎవరూ పట్టించుకోలేదు. యాసను పట్టించుకునేదెవరు? మా నెల్లూరోళ్లు "ఉండాది" అంటే టీవీ వాళ్లకు నవ్వులాట.

ఫోర్జరీ సంగతి కూడా చెప్పాలి, మా వృత్తికి దగ్గరిది. రష్యా వాళ్లకు ఈగొర్ రాజు దండయాత్ర మీద ఒక పాత కావ్యం ఉంది, 12వ శతాబ్దంది అంటారు. దాని ఏకైక ప్రతి 1812లో మాస్కో తగలబడ్డప్పుడు పోయింది. అచ్చు పుస్తకం మిగిలింది. అసలు ప్రతి లేని దస్తావేజు మీద పేచీ రాకుండా ఉంటుందా? 18వ శతాబ్దంలో ఎవరో కల్పించారని రెండొందల ఏళ్లు తగాదా నడిచింది. జలిజ్న్యాక్ 2004లో పుస్తకం రాశాడు. ఆయన పెద్ద పెద్ద మాటల జోలికి పోలేదు, చిన్న మాటలు చూశాడు. మన "కదా", "మరి" లాంటి తోక మాటలు పాత రష్యన్‌లో వాక్యంలో ఎక్కడ నిలబడాలో, రెండు మూడు కలిసొస్తే ఏది ముందో గట్టి నియమం ఉండేది. తర్వాత అది పోయింది. బెరడు ఉత్తరాల్లో ఆ నియమం ఉంది, కావ్యంలోనూ ఉంది. 18వ శతాబ్దపు దొంగ లేఖరికి ఆ నియమం తెలిసే దారే లేదు. నాకు తెలిసిన ఫోర్జరీలు కూడా ఇలాగే పట్టుబడ్డాయి. సంతకం అచ్చుగుద్దినట్టు దించుతారు. 1948 తేదీ వేసి అందులో కిలోమీటర్లు రాస్తారు.

ఆయన ఏటా శరదృతువులో మాస్కో యూనివర్సిటీలో ఆ వేసవి బెరళ్ల మీద ఉపన్యాసం ఇచ్చేవాడు. యూట్యూబ్‌లో ఉన్నాయి. నాకు రష్యన్ రాదు. అమ్మాయి సెలవుల్లో వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఆపి ఆపి చెప్పించుకున్నాను. సన్నటి ముసలాయన, చేతిలో సుద్దముక్క. హాలు నిండిపోయి జనం నిలబడి ఉంటారు. బల్ల మీద ఉత్తరంలోని అక్షరాలు మాటల మధ్య సందు లేకుండా ఉన్నవి ఉన్నట్టు రాస్తాడు. ఇలా విడగొడితే ఏమవుతుంది, అలా విడగొడితే ఏమవుతుంది అంటూ, మనచేతే తప్పు చేయించి, మనచేతే దిద్దిస్తాడు. మా అమ్మాయికి నిద్రొచ్చి ఇక చాలు నాయనా అనేది.

సంస్కృతం కూడా పాఠం చెప్పాడు. 1978లో మాస్కోలో వచ్చిన సంస్కృత–రష్యన్ నిఘంటువు వెనక వ్యాకరణ సంగ్రహం ఆయనదే. అది తెలిసి నేను పొంగిపోయి మా రిటైర్డు తెలుగు పండితుడికి చెప్పాను. ఆయన వెంటనే, "నోవ్‌గొరద్ అంటే నవ నగరమేనయ్యా, మన వాళ్లే పోయి కట్టారు" అన్నాడు. సాయంత్రానికి అది మూడు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. నిజానికి నోవ్, నవ ఒకే తల్లి బిడ్డలు, అది భాషావేత్తలంతా ఒప్పుకున్నదే. గొరద్‌కూ నగరానికీ మాత్రం చెవికి తగిలే పోలిక తప్ప బంధుత్వం లేదు. జలిజ్న్యాక్ సరిగ్గా ఈ రోగం మీదే చివరి ఏళ్లలో పుస్తకం రాశాడు. చెవికి ఒకలా వినిపించే మాటలు ఏ రెండు భాషల్లోనైనా దొరుకుతాయి. ఒక మాటలో ఫలానా అక్షరం ఫలానాగా మారితే అదే చోట ఉన్న అన్ని మాటల్లోనూ మారాలి, అప్పుడే చుట్టరికం అని. పండితుడికి ఇది చెప్పాను. నాతో మాట్లాడటం తగ్గించాడు.

జలిజ్న్యాక్ 2017 డిసెంబరు 24న పోయాడు. ఆయన జోడు వలెంతీన్ యానిన్ 2020 ఫిబ్రవరిలో. యానిన్ చరిత్రకారుడు. 1947లో కుర్రవాడిగా నోవ్‌గొరద్ తవ్వకాలకు వచ్చి, 1962 నుంచి దశాబ్దాల పాటు వాటికి పెద్దగా ఉన్నాడు. ఆయన మొదటి పుస్తకం పాత రష్యా నాణేల తూకాల మీద. గ్రివ్నాకు ఎన్ని కూనాలు, ఎన్ని రెజానాలు, ఏ కాలంలో ఎంత వెండి అని. అంకణం, పుట్టి తెలియనివాడు మా జిల్లా దస్తావేజు చదవలేడు కదా, ఆయన సరైన చోటే మొదలుపెట్టాడు. తర్వాత సీసపు ముద్రలు. ఆ ఊరిని ఏలిన, పొసాద్నిక్‌లు అనే అధికారుల వంశాలు కూడా. పాత చరిత్రల్లో కనిపించే ఒంత్సిఫోర్ లుకినిచ్ అనే పొసాద్నిక్ వాళ్ల అమ్మకు రాసిన ఉత్తరం తవ్వకంలో దొరికితే, ఆ ఇంటి జాగా ఎక్కడో, తరతరాలుగా అక్కడ ఎవరున్నారో దొడ్డి దొడ్డీ పోల్చి తేల్చాడు. మా భాషలో చెప్పాలంటే 14వ శతాబ్దపు ఇంటికి లింకు దస్తావేజులు కుదిర్చాడు.

ఒన్‌ఫిమ్ గురించి చెప్పకపోతే అమ్మాయి ఒప్పుకోదు. ఆరేడేళ్ల పిల్లవాడు, 13వ శతాబ్దం మధ్యలో. వాడి బెరళ్లు 1956లో దొరికాయి. ఒకదాని మీద అక్షరమాల, ఆ తర్వాత బ వ గ ద, బె వె గె దె, బి వి గి ది. గుణింతాలే! కొంచెం సేపటికి విసుగొచ్చింది. వెనక్కి తిప్పి తోక మెలి తిరిగిన జంతువును గీసి, నేను అడవి మృగాన్ని అని రాసి, ఒన్‌ఫిమ్ నుంచి దనీలోకు దండాలు అన్నాడు. ఇంకోదాని మీద గుర్రమెక్కి ఎవణ్ణో బల్లెంతో పొడుస్తున్నాడు. వాడు గీసిన మనుషుల చేతులకు ఒకచోట మూడు వేళ్లు, ఇంకోచోట అంతకు మించి.

అదే సమయంలో ఇక్కడ నెల్లూరులో మనుమసిద్ధి దగ్గర తిక్కన ఉన్నాడు. పదిహేను పర్వాలు చెప్పిన ఆయన చేతి ఆకు ఒక్కటి కూడా మనకు లేదు. ఆయన చెబుతుంటే కుమ్మరి గురునాథుడు గంటం ఆపకుండా రాశాడని కథగా చెప్పుకుంటాం. ఆ గురునాథుడి దస్తూరి ఎలా ఉండేదో, దీర్ఘాలు పెట్టేవాడో లేదో చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. ఒన్‌ఫిమ్ గీతలు చూసిన ప్రతిసారీ కొంచెం కడుపుమంటగా ఉంటుంది.

పోయిన సంక్రాంతికి ఆ మెట్ట పల్లెకు పోయాను. నాకు దీర్ఘం నేర్పిన ఆవిడ పోయి నాలుగేళ్లయింది. కొడుకు ఉన్నాడు, బావి పూడ్చి బోరు వేశాడు. 1957 చీటీ ఉందా అని అడిగితే బీరువాలోంచి ప్లాస్టిక్ కవరులో తెచ్చి ఇచ్చాడు. ఫోన్‌లో ఫొటో తీసుకుందామని పరిచి, వెనక వైపు కూడా తీద్దామని తిప్పాను. 1993లో దాన్ని తిప్పి చూడనే లేదు. వెనక పెన్సిలుతో ఒక పట్టీ. ఐదుగురి పేర్లు, ఎదురుగా కుంచాలు, రూపాయలు. అన్నీ కొట్టేసి ఉన్నాయి, చివరిదొక్కటి తప్ప. అది మా నాయన పేరు. ఎదురుగా, "దస్తూరి ఆయనకు 2 రూపాయలు, ఒక కొడి."

అబ్బాయికి చూపించి, ఇది తీరలేదు మరి, ఏం చేద్దాం అన్నాను. వాడు వంగి చూసి, "కొడి ఏంది పెదనాయనా? కొడవలా? సగం రాసి వదిలేసినట్టుండాడు" అన్నాడు.

లేదబ్బయా, పూర్తిగానే రాశాడు అన్నాను.